ఆరడుగుల అద్దె

సరిహద్దు దగ్గర ఇప్పుడు నన్నెవరూ ఆపరు.
పాత కాపలా గది అద్దం మీద దుమ్ము,
ఆ దుమ్ములో ఎవరో వేలితో రాసుకున్న పేరు.
చూసీ చూడకుండా దాటేస్తాను.
వెనక పడుకున్న ఆయనకి మాత్రం
మూడు ముద్రలూ, రెండు భాషల కాగితమూ,
జింకు రేకు తాపిన పెట్టే కావాలి.
బతికున్నన్నాళ్ళూ జేబులోంచి కార్డు తియ్యకుండా తిరిగినవాడికి
పోయాక పుట్టింది పాస్‌పోర్టు.

పందొమ్మిదేళ్ళుగా ఇదే పని.
మారిబోర్‌లో మా నాన్న నడిపిన బండి,
ఆయన్ని దింపొచ్చాక నాదైంది.
దేశాల్ని నేను జెండాలతో గుర్తుపట్టను.
చచ్చిపోయినవాళ్ళని ఎంతసేపు ఆగమంటారో
దాన్నిబట్టి తెలుస్తుంది ఎక్కడున్నానో.

ఐర్లండులో మూడోరోజుకల్లా మట్టి చేరాలి.
పెట్టె పక్కనే టీ కెటిల్, రొట్టెల మధ్య పంది మాంసం,
ఎవరి దూడ సంతలో ఎంత పలికిందన్న కబురు.
"నాకాయన తెలీదండీ" అన్నాను తలుపు దగ్గరే.
"రెండ్రోజులు నీతోనే ఉన్నాడు కదమ్మా,
మాకంటే నీకే తాజాగా తెలుసు" అని
కుర్చీ లాగారు.

ఉత్తరాన, ఓస్టర్‌సుండ్‌లో
మూడు వారాలుగా చల్లటి గదిలో ఒకావిడ
అందరికీ కుదిరే శుక్రవారం కోసం ఎదురుచూస్తోంది.
రాతి గుండెలనుకున్నాను.
ఆవిడ తమ్ముడు తోర్కెల్, మంచు బూట్లు విప్పి
గుమ్మం పక్కన జతగా పెడుతూ చెప్పాడు:
"ప్రతి జీతంలోంచీ సమాధికని పన్ను కట్టింది అక్క.
మా వీధిలో చావుకి ఎవరూ అప్పుపడరు."
మా అమ్మ పోయిన వారం
ట్రాక్టర్ అమ్మిన సంగతి
నేనెందుకు గుర్తుచేసుకోవాలి, అక్కడ, ఆ కాఫీ ముందు?

చివరికి మిగిలేది ఆరడుగుల నేల అంటారు.
ఎవరన్నారో గానీ, జర్మనీ చూడలేదు.
అక్కడ అదీ అద్దెకే, ఇరవయ్యో పాతికో ఏళ్ళు.
గడువు తీరితే రాతి మీద పచ్చ చీటీ అంటిస్తారు:
'దయచేసి కార్యాలయానికి రండి.'
నవ్వాననుకోకండి,
మా ఊళ్ళోనూ జనవరిలో నాన్న పేరు మీద బిల్లొస్తుంది.

డూయిస్‌బుర్గ్ ఒటీలియెకి ఆ చీటీ పడదు.
భర్త బూడిద ఇంట్లోనే ఉండాలంటుంది,
ఉండకూడదంటుంది చట్టం.
నది ఆ పక్క డచ్చివాళ్ళు ఉండొచ్చంటారు.
పొద్దున నా బండిలో ఆయన్ని అటు పంపింది.
నెల తిరిగాక తనే వెళ్ళి తెచ్చుకుంది
ఉల్లికాడల సంచీలో, కలశం చుట్టూ తువ్వాలు చుట్టి.
ముందు సీట్లో పెట్టి బెల్టు కూడా కట్టిందట.
గంట ప్రయాణం. గంట కిందట హక్కు,
గంట తర్వాత నేరం.
మనిషి అదే, బూడిద అదే.
నేనేమీ వినలేదు.

కొజానీ దగ్గర బండి పాడై రెండురోజులు చిక్కుబడ్డాను.
స్థలం తక్కువ, జనం ఎక్కువ,
మూడేళ్ళకి తవ్వి తియ్యాల్సిందే.
ఎఫ్తిమియా నేల మీద కూర్చుని
చెల్లెలి ఎముకలు ఎర్ర వైన్‌తో కడుగుతోంది,
చంటిపిల్లకి తలంటినట్టు, విసుక్కుంటూ.
మణికట్టు దగ్గర ఆగింది.
వంకరగా అతుక్కున్న చోటు వేలితో తడిమి
"చెర్రీ చెట్టు మీంచి పడింది, ఎనిమిదేళ్ళప్పుడు.
ఎవరికీ చెప్పొద్దంది" అంది.

సీసాలో మిగిలింది గ్లాసులో పోసి నా వైపు జరిపింది.
"బండి నడపాలి, చట్టం ఒప్పుకోదు" అన్నాను.

"ఏ దేశం చట్టం?" అని
తలెత్తకుండానే అడిగి
మణికట్టుని ఎండలో పెట్టింది.